పుట్టినరోజు పళ్ళెములో ఏమున్నది?

(రేడియో ప్రసంగ పాఠము)

అంబర్‌పేట, రామంతాపూర్, ఉప్పల్, నాచారం ప్రాంతాలలో ఉండి ఈ మాటలు వింటున్న తల్లిదండ్రులతో ఈ దినము ముఖ్యముగా మాట్లాడాలని ఆశపడుచున్నాను. విషయము మీకు చిన్నదిగా కనబడవచ్చు. చిన్నపిల్లల పుట్టినరోజు. కేకు, బుడగలు, కాగితపు టోపీలు, ఇప్పుడు ఇంటింటా వినబడుతున్న థీమ్ పార్టీలు. వాక్యము చెప్పవలసిన సమయములో ఈ అయ్యగారు కేకు గూర్చి మాట్లాడుతున్నాడేమిటని పెద్దలు కొందరు నవ్వుకొంటారు. నవ్వండి, ఫరవాలేదు. కాని బైబిలు దగ్గర పెట్టుకొని వినండి.

పరిశుద్ధ గ్రంథములో జన్మదిన విందు అని పేరుపెట్టి చెప్పినవి రెండు ఉన్నాయి. ఒకటి ఆదికాండము 40వ అధ్యాయములో ఫరోది. రెండవది హేరోదుది, మార్కు సువార్త 6వ అధ్యాయములోను, మత్తయి సువార్త 14వ అధ్యాయములోను చూస్తాము. ఫరో తన పుట్టినరోజున సేవకులందరికి విందు చేశాడు. ఆ రోజే పానదాయకుల అధిపతికి ఉద్యోగము తిరిగి వచ్చింది, భక్ష్యకారుల అధిపతికి మరణశిక్ష పడింది. హేరోదు విందులో బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్ళెములో పెట్టి తెచ్చారు. రెండు విందులు, రెండింటిలోను ఒక మనుష్యుని ప్రాణము పోయింది.

ఈ రెండింటిని చూచే మూడవ శతాబ్దములో ఓరిగెను అనే గొప్ప బైబిలు పండితుడు లేవీయకాండము మీద ప్రసంగిస్తూ, భక్తులెవరూ పుట్టినరోజును పండుగ చేసికొన్నట్టు కనబడదు, పాపులే చేసికొన్నారు అన్నాడు. ఈనాటికీ మన సంఘాలలో కొందరు సహోదరులు, విశ్వాసులు కేకు కోయవచ్చా అని అడుగుతారు. మనస్సాక్షిని బట్టి మానుకొన్నవారిని నేను తప్పుపట్టను. అయితే ప్రియులారా, ఆ రెండు విందులలో పాపము ఎక్కడ ఉన్నదో గమనించండి. తేదీలో ఉన్నదా? వంటలో ఉన్నదా?

మార్కు వ్రాసినది నిదానముగా చదవండి. హేరోదుకు యోహానును చంపాలని లేదు. ఆయన నీతిమంతుడని ఎరిగి భయపడేవాడు, ఆయన మాటలు వినడానికి ఇష్టపడేవాడు కూడా. ఆ చిన్నది తల అడిగినప్పుడు రాజు బహుగా దుఃఖపడ్డాడని వాక్యము చెప్పుచున్నది. దుఃఖపడినవాడు ఆగలేదెందుకు? ఒట్టు పెట్టుకొన్నాడు, తనతో కూడా భోజనమునకు కూర్చున్నవారు చూస్తున్నారు. ప్రధానులు, సహస్రాధిపతులు, గలిలయలోని పెద్దమనుషులు. వాళ్ళ ముందు మాట వెనుకకు తీసికొంటే తల దించుకోవాలి. తన తల దించుకోలేక ఇంకొకని తల తీయించాడు.

మన ప్రాంతములో దీనికొక మాట ఉన్నది. ఇజ్జత్.

మా సంఘములో ఆటో నడిపే ఒక సహోదరుడు ఒక ఆదివారము ఆరాధన తర్వాత ఆగాడు. కొడుకుకు ఐదేండ్లు నిండుతున్నాయి. “అయ్యగారూ, చుట్టాలందరికి చెప్పేసిన. పోయినేడు మా తమ్ముడు వాళ్ళ పాపకు ఫంక్షన్ హాల్ల చేసిండు. నేను ఇంట్ల చేస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?” అన్నాడు. హాలు, అలంకరణ, మూడంతస్తుల కేకు, భోజనాలు కలిపి చేతిలో ఉన్నది పోగా ఇంకా 40,000 కావాలట. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడు గోల్నాకలో సిద్ధముగా ఉన్నాడట.

నేను ఆయనకు వాక్యము చెప్పలేదు. ఆదివారపు కానుకల కవరు ఒకటి తీసి దాని వెనుక లెక్క వేశాము. 40,000 మీద నెలకు వడ్డీ 1,200. పన్నెండు నెలలకు 14,400. బాబుకు ఆరవ పుట్టినరోజు వచ్చేనాటికి 14,400 కట్టి ఉంటాడు, అసలు 40,000 కదలకుండా అట్లే కూర్చొని ఉంటుంది. అప్పుడు ఆరవ పుట్టినరోజు దేనితో చేస్తాడు? ఆయన ఆ కవరు వైపు చాలాసేపు చూచి, మడిచి చొక్కా జేబులో పెట్టుకొన్నాడు. “ఇంట్ల అడిగి చెప్త” అని వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో ఏమి జరిగిందో తర్వాత చెప్తాను. ఈలోగా ఈ కేకు, ఈ కొవ్వొత్తులు మన మధ్యకు ఎట్లా వచ్చాయో రెండు మాటలు వినండి.

మన తాతల కాలములో పుట్టినరోజు అంటే తలంటు, కొత్త బట్ట, పరమాన్నము, పెద్దలకు దండము. చాలామందికి అది కూడా లేదు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు రిజిస్టరులో వేసిన తేదీయే పుట్టిన తేదీ. కొవ్వొత్తుల కేకు ఐరోపా నుండి వచ్చింది. దాని గూర్చిన పాత దాఖలాలలో ఒకటి మన ప్రొటెస్టెంట్ చరిత్రలోనే ఉన్నదని మీకు తెలుసా? మొరేవియన్ సహోదరుల నాయకుడు కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్. లోకమంతటికీ మిషనరీలను పంపిన సహవాసము వారిది. 1746లో జర్మనీలో ఆయన పుట్టినరోజున, పొయ్యిలో పట్టగలిగినంత పెద్ద కేకు చేసి, ఆయనకెన్ని ఏండ్లో అన్ని రంధ్రాలు పెట్టి, ఒక్కొక్కదానిలో ఒక కొవ్వొత్తి నిలిపి, మధ్యలో ఇంకొకటి వెలిగించారు. ఇది వ్రాసిపెట్టిన ఆండ్రూ ఫ్రే అనే ఆయన మెచ్చుకొని వ్రాయలేదు, ఇదేమి ఆడంబరమని విమర్శిస్తూ వ్రాశాడు. 1750ల మొదటిలోనే ఆ సహవాసము పెద్ద అప్పులలో చిక్కుకొన్నది. ఒక్క కేకు వలన కాదులెండి. అయినా అప్పు, ఆడంబరము ఒకే గుమ్మములో నుండి లోపలికి వస్తాయని చరిత్ర చదివినవారికి అర్థమవుతుంది.

కేకు కోసేటప్పుడు అందరూ పాడే ఇంగ్లీషు పాట కూడా అట్లే. అమెరికాలో కెంటకీ రాష్ట్రములో ప్యాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ అనే అక్కచెల్లెండ్రు చిన్నపిల్లల బడి కోసము చేసిన పాట, 1893లో పుస్తకములో అచ్చయింది. అప్పుడు అది పుట్టినరోజు పాట కానే కాదు, ఉదయము తరగతిలోకి వచ్చిన పిల్లలను పలకరించే పాట. పుట్టినరోజు మాటలు తర్వాత చేరాయి. ఆ మాటల మీద హక్కు తమదని ఒక కంపెనీ ఏండ్ల తరబడి డబ్బు వసూలు చేసింది. కోర్టు వ్యవహారము ముగిసి 2016లో అది అందరి సొత్తు అయింది. సండేస్కూలు టీచర్లు ఈ సంగతి పిల్లలకు చెప్పండి, ఆనందిస్తారు. ఏడాదికి ఒక్కరోజు కాక, ప్రతి ఉదయము ప్రతి బిడ్డను పలకరించడానికి పుట్టిన రాగము అది.

ఇప్పుడు ఆటో సహోదరుని ఇంటికి వద్దాము. ఫంక్షన్ హాలు మానుకొన్నారు. పెద్ద కేకు మాత్రము మానలేదు, అత్తగారు పట్టుబట్టారట. సరే, అత్తగారితో వాదించమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. మిగిలినదంతా అద్దెకున్న ఇంటి డాబా మీద జరిగింది. ఆ బాబుకు మెట్రో రైలంటే ప్రాణము. ఉప్పల్ దారిలో మెట్రో నడవడము 2017 నవంబరులో మొదలయింది, వాడు పుట్టింది ఆ తర్వాతే. ఆటోలో నాన్న పక్కన కూర్చొని పైన పోయే రైలును చూస్తూ పెరిగినవాడు. అందుకని వాళ్ళమ్మ, మేనత్త కలిసి మెట్రో థీమ్ అన్నారు. ఖర్చు ఏమిటో తెలుసా? చాక్‌పీసులు, గుడిలో నుండి అడిగి తీసికొన్న మా కుర్చీలు.

డాబా మీద చాక్‌పీసుతో పట్టాలు గీశారు. ఇంట్లో ఉన్న పాత శుభలేఖల వెనుక టికెట్లు వ్రాశారు. కుర్చీలు రెండు వరుసలు వేస్తే రైలు. నాగోలు స్టేషనులో రైలు ఎక్కగానే మజ్జిగ. ఉప్పల్ స్టేషనులో చిట్టి ఇడ్లీలు, రైలు చక్రాలని పేరు. స్టేడియం స్టేషనులో రవ్వలడ్లు, అవి క్రికెట్ బంతులు. ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. అది భూమిని పరిశోధించే సంస్థ గదా, కాబట్టి భూమిలో నుండి తీసినవి పెట్టాలన్నది మేనత్త ఆలోచన: ఉడికించిన చిలగడదుంప, క్యారట్ ముక్కలు. ఇంట్లో క్యారట్ ముట్టని పిల్లలు ఆ స్టేషనులో తిన్నారట! హబ్సిగూడలో పులిహోర. తార్నాకలో పండ్లు, జాతీయ పోషకాహార సంస్థ అక్కడున్నది కాబట్టి. మెట్టుగూడ రాగానే మెట్లు దిగి క్రిందికి పోయి కేకు కోయాలి. పక్కింటి ముసలమ్మ టికెట్ కలెక్టరు. టికెట్ లేదన్న పిల్లవాడికి జరిమానా ఒక పాట.

చుట్టాలు ఏమన్నారని మీరు అడుగుతారు. కొందరు ముఖము ముడుచుకొన్నారు. తమ్ముడు మాత్రము డాబా మీద కూర్చొని మూడుసార్లు నాగోలు నుండి తార్నాకకు ప్రయాణము చేశాడని విన్నాను.

ఎందుకింత వివరముగా చెప్పుచున్నానంటే, థీమ్ అనే మాటకు మనము భయపడనక్కరలేదు. థీమ్ అంటే బజారులో కొనే ఫ్లెక్సీ, అట్టబొమ్మలు కాదు. నీ బిడ్డకు ఏది ఇష్టమో నీకు తెలుసు అని చెప్పడమే థీమ్. మీ పాపకు నోవహు ఓడ ఇష్టమా? చపాతీలను స్టీలు డబ్బా మూతతో, గిన్నె అంచుతో కోసి జంతువులు చేయండి. ఏనుగు కొంచెము పందిలాగా వస్తుంది, పిల్లలే పేరు పెడతారు. ఇంద్రధనుస్సుకు పండ్లు, కూరగాయలు రంగుల వరుసలో పేర్చండి. బాబుకు చోటా భీమ్ ఇష్టమా? ఆ బొమ్మల కథ మన హైదరాబాదులోనే, గ్రీన్ గోల్డ్ అనే సంస్థలో తయారై 2008లో టీవీకి వచ్చింది. భీముడికి బలమిచ్చేది లడ్డు. మరి వాని పుట్టినరోజుకు క్రీము కేకు దేనికి, ఇంట్లో చేసిన లడ్లు ఉండగా?

నాకు బాగా నచ్చినది అక్షరాల పుట్టినరోజు. నాచారములో ఒక సహోదరి తన పాపకు చేసింది. మన తెలుగు అక్షరాలు గుండ్రముగా ఉంటాయి, జంతికల వలె. వచ్చిన ప్రతి బిడ్డ పేరులోని మొదటి అక్షరాన్ని జంతికల పిండితో చేసి ముందురోజే వేయించి పెట్టింది. (కాగే నూనె దగ్గరకు పిల్లలను రానీయవద్దు, వాళ్ళ వాటా అక్షరము చుట్టడము వరకే.) దోసెతో కూడా చేయవచ్చు. పెనము మీద పిండి సన్నగా వదిలి అక్షరము వ్రాయండి. కాని తిరగవేస్తే అక్షరము అద్దములో చూచినట్టు ఎడమ కుడి అవుతుంది. కాబట్టి తిరగవేయకండి, మూతపెట్టి ఆవిరికి ఉడకనివ్వండి. తన అక్షరము తాను తిన్న బిడ్డ దానిని మరచిపోతుందా?

ఆహారము మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. మన తార్నాకలోని పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2024లో వారు ఇచ్చిన ఆహార సూచనలలో, ఒక మనిషి తీసికొనే శక్తిలో చక్కెర నుండి వచ్చేది ఐదు శాతము లోపే ఉండాలన్నారు. ఐదేండ్ల బిడ్డకు రోజుకు 1,300 కేలరీలు అనుకొంటే, ఐదు శాతమంటే 65 కేలరీలు. సుమారు 16 గ్రాముల చక్కెర, నాలుగు చిన్న చెంచాలు. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు ఒక్కదానిలోనే 20 గ్రాముల దాకా ఉంటుంది. కేకు ఇంకా ముట్టనేలేదు! పుట్టినరోజున లెక్క చూచుకొని తినమని నేను చెప్పను, పండుగ పండుగే. కూల్‌డ్రింకు బదులు మజ్జిగో నిమ్మరసమో పెడితే కేకుకు చోటు మిగులుతుంది, అంతే.

మొదటి పుట్టినరోజు సంగతి మరీ విచిత్రము. మనవాళ్ళు అన్నిటికంటే ఘనముగా చేసేది అదే. రెండేండ్లలోపు పిల్లలకు చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలు పెట్టవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఎవరికోసము అంత పెద్ద కేకు తెచ్చామో ఆ బిడ్డ ఒక్కతే దానిని తినకూడదు. ఐదు వందలమంది మధ్య, కెమెరా వెలుగులో, మెడకు గుచ్చుకొనే జరీ గౌనులో ఆ పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోతుంది. నిద్రపోయిన పాప చేతిలో కత్తి పెట్టి కేకు కోయించడము నేను చూచాను. ఆ విందు ఎవరిది ప్రియులారా?

కొన్ని జాగ్రత్తలు త్వరగా చెప్తాను. ఎగిరే బుడగలు అమ్మేవారు హీలియము ఖరీదని చాలాసార్లు హైడ్రోజన్ నింపుతారు. అది మండే వాయువు. కొవ్వొత్తి దగ్గరకు దానిని తేవద్దు. డబ్బాలో నుండి చల్లే నురుగు మంచు ఉన్నదే, దానిలోని వాయువు కూడా అంటుకొంటుంది. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు నిలబడ్డ బిడ్డ ముఖము మీద దానిని చల్లడము ఆట కాదు. పగిలిన బుడగ ముక్కలు, పల్లీలు, కోయని ద్రాక్ష చిన్నపిల్లల గొంతులో అడ్డుపడతాయి. ద్రాక్షను నిలువునా కోసి పెట్టండి. ఎవరి బిడ్డకైనా పల్లీలు, పాలు, గుడ్లు పడవేమో ముందే వాళ్ళమ్మను అడగండి. అలంకరణకు థర్మాకోలు, బుడగలకు ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధము. విస్తరాకు ఉన్నది, స్టీలు పళ్ళెము ఉన్నది. కడగడానికి మగవాళ్ళ చేతులు కూడా పనికివస్తాయి.

ఇక నా మనస్సులో భారముగా ఉన్న మాట. ఆదికాండము 21వ అధ్యాయము తీయండి. పుట్టినరోజు అని లేదు గాని అది చిన్నబిడ్డ కోసము చేసిన విందే. ఇస్సాకు పాలు విడిచిన దినమున అబ్రాహాము గొప్ప విందు చేశాడు. నూరేండ్ల వయస్సులో పుట్టిన కొడుకు, చేయక ఏమి చేస్తాడు! అయితే ఆ విందు తర్వాత ఏమి జరిగింది? శారా కన్ను హాగరు కొడుకు మీద పడింది. ఆ మాట ఈ మాట పెరిగి, తెల్లవారుజామున ఒక రొట్టె, నీళ్ళ తిత్తి ఇచ్చి ఆ తల్లిని, బిడ్డను పంపివేశారు. ఒక బిడ్డ విందు ఇంకొక బిడ్డకు ఎడారి అయింది. నీళ్ళు అయిపోయి ఆ తల్లి పొద క్రింద బిడ్డను పడవేసి ఏడ్చినప్పుడు, దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడని వ్రాయబడియున్నది. విందు ఇంటిలో నవ్వు ఎంత గట్టిగా ఉన్నా, బయట ఏడ్చే బిడ్డ స్వరము ఆయనకు వినబడుతుంది.

మన బస్తీలలో షామియానా బయట నిలబడే పిల్లలను మీరు చూచే ఉంటారు. నేను ప్రార్థన చేయడానికి వెళ్ళిన ఒక ఇంటి దగ్గర, ఆ ఇంటి పాపతో రోజూ ఆడుకొనే పిల్ల గేటు కడ్డీలు పట్టుకొని నిలబడింది. లోపలికి రామ్మా అన్నాను. “నేను రాను అంకుల్, గిఫ్ట్ లేదు” అన్నది. పిలుపు ఉన్నది, స్నేహము ఉన్నది, ఆకలి కూడా ఉన్నది. గిఫ్ట్ లేదు. వాళ్ళమ్మ ఆ వీధిలోనే నాలుగు ఇండ్లలో పని చేస్తుంది. ఆ ఇంటామె మంచి మనిషి. సంగతి తెలిసి పరుగున వచ్చి పిల్లను ఎత్తుకొని తీసికొనిపోయింది. అయినా ఆరేండ్ల పిల్లకు ఈ లెక్క ఎవరు నేర్పారు? మన విందులే నేర్పాయి. ఎవరు ఏమి తెచ్చారో మైకులో చదివించే విందులు, కవరు మీద పేరు వ్రాసుకొనే విందులు.

లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు భోజనానికి కూర్చొని, తనను పిలిచిన ఇంటి యజమానితోనే చెప్పాడు: తిరిగి నిన్ను పిలువగలవారిని కాదు, పిలువలేనివారిని పిలువు అని. ఇది వినడానికి సులువు, పిలుపుల జాబితా వ్రాసేటప్పుడు కష్టము. కాబట్టి నేను మిమ్మును మూడు నాలుగు పనులు అడుగుతాను, చేయగలిగినది చేయండి. పిలిచేటప్పుడే బహుమతులు తేవద్దని చెప్పండి, తెచ్చినవారిని అందరి ముందు పొగడకండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మ పిల్లలు వంటింటి గుమ్మము దగ్గర కాకుండా మీ పిల్లల వరుసలో కూర్చొని తినాలి. ఇంకొకటి, ప్రభుత్వ బడులలో మధ్యాహ్న భోజనముతోపాటు, పుట్టినరోజువంటి సందర్భములో ఎవరైనా పిల్లలకు ప్రత్యేకముగా ఒక వంటకమో పండ్లో పెట్టవచ్చు. తిథి భోజనము అని దానికి పేరు, గుజరాతులో మొదలై తర్వాత దేశమంతటి పథకములో చేరింది. మీ వీధి బడిలో ప్రధానోపాధ్యాయులను ముందుగా కలిసి, ఏమి పెట్టవచ్చునో అడిగి పెట్టండి. అక్కడ మీ బిడ్డను వేదిక మీద నిలబెట్టకండి, ఫోటోలు తీయకండి. వరుసలో కూర్చొని వాళ్ళతోపాటు తిననివ్వండి.

తినడము గూర్చి యోహాను సువార్త 21వ అధ్యాయములో ఒక ఉదయమున్నది, నాకు చాలా ఇష్టము. తిబెరియ సముద్రపు ఒడ్డు. రాత్రంతా కష్టపడిన శిష్యులు పడవ దిగేసరికి నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె. వండినది ఎవరు? తిరిగి లేచిన ప్రభువు. వలలో నూట యాభై మూడు పెద్ద చేపలున్నాయి, అయినా మీరు పట్టినవాటిలో కొన్ని తెండి అన్నాడు. గమనించండి, తాను వండగలిగినవాడు వాళ్ళ చేతి కష్టాన్ని కూడా ఆ భోజనములో కలిపాడు. మూడుసార్లు తనను ఎరుగనన్న పేతురును అక్కడే, ఆ నిప్పుల దగ్గరే, అల్పాహారము అయిన తర్వాతే పలకరించాడు. ముందు కడుపు నింపాడు.

తల్లులారా, తండ్రులారా, పుట్టినరోజు ముందు సాయంకాలము మీ వంటిల్లు అట్లా ఉండనివ్వండి. రవ్వ వేయించి, చక్కెర, కొబ్బరి కలిపి, గోరువెచ్చని పాలు చల్లి పిల్లల ముందు పెట్టండి. నాలుగేండ్ల చేతులకు లడ్డు చుట్టడము వచ్చు. ఒకటి నిమ్మకాయంత, ఒకటి ఉసిరికాయంత వస్తుంది. రావాలి కూడా. నాన్న టీవీ ఆపి వచ్చి కూర్చుంటే బిడ్డకు అదే సగము పుట్టినరోజు. నాయనమ్మను, అమ్మమ్మను అడగండి, బిడ్డ పుట్టిన రాత్రి ఏమి జరిగిందో చెప్పమనండి. వాన పడిందా, ఆటో దొరికిందా, ఏ ఆసుపత్రికి పరుగెత్తారు, మొదట ఎవరు ఎత్తుకొన్నారు. పిల్లలు ఆ కథను పదిసార్లు అడుగుతారు. తర్వాత కుటుంబమంతా మోకరించి, ఈ బిడ్డను మాకిచ్చినందుకు స్తోత్రమని చెప్పండి. మీ సంఘకాపరి రాలేకపోయినా ఆ ప్రార్థన దేవుడు వింటాడు. మరునాడు దాగుడుమూతలు ఆడించండి, నాలుగు స్తంభాలాట ఆడించండి. స్పీకరు పెట్టకపోతే పిల్లల కేకలే చాలు.

ఇప్పుడు ప్రార్థన చేద్దాము. మీరున్నచోటనే కళ్ళు మూసుకొనండి.

ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ వారములో పుట్టినరోజు ఉన్న పిల్లలందరిని నీ చేతులకు అప్పగిస్తున్నాము. వాళ్ళ కోసము అప్పు చేయాలని ఈ రాత్రి లెక్కలు వేస్తున్న తండ్రికి ధైర్యమివ్వు, చుట్టాల ముందు చిన్నగా నిలబడే ధైర్యము. బిడ్డ అడిగినది ఇవ్వలేక చీకటిలో ఏడుస్తున్న తల్లిని ఆదరించు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియని పిల్లలున్నారు ప్రభువా, హాస్టళ్ళలో, అనాథాశ్రమాలలో, రిజిస్టరులో ఎవరో వేసిన తేదీతో పెరుగుతున్నవారు. వాళ్ళు పుట్టిన గడియ నీకు తెలుసు. ఈ వీధులలో ఎవరో ఒకరు వాళ్ళ కోసము ఒక దీపము వెలిగించేటట్టు, ఒక లడ్డు చేతిలో పెట్టేటట్టు మా హృదయాలను కదిలించుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.